పాత పంటి ఫిల్లింగులు, మందుసీసాలు: విశాఖ ఉప్పుగాలిలో మ్యూజియం సేకరణగా నిలబెట్టుకోవడం ఎలా

దంతవైద్య కళాశాలలో పాత బీరువా ఖాళీ చేసినప్పుడో, వన్‌టౌన్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో రెండు తరాలు నడిచిన క్లినిక్ మూతపడినప్పుడో కొన్ని అట్టపెట్టెలు బయటపడతాయి. వాటిలో తుప్పు పట్టిన డబ్బాలు, బిరడా బిగుసుకుపోయిన సీసాలు, గాజు కల్వం, ఫిల్లింగులున్న పీకిన పళ్లు, గులాబీరంగు పుల్లలు ఉంటాయి. చెత్తబండికి వేయకుండా దాచాలనుకున్న వాళ్ల కోసమే ఈ వివరమంతా.

దాచేటప్పుడు 1830లవి ఒక అరలో, 1900లవి ఇంకో అరలో అని కాలక్రమంలో పెట్టాలనిపిస్తుంది. ఆ పని గోడ మీది బోర్డుకి వదిలేయండి. అరల్లో మాత్రం రసాయనం ప్రకారమే సర్దాలి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పట్టీ నుంచి వచ్చే ఆవిరి పక్కనున్న ఇనుప పరికరాన్ని తినేస్తుంది. వల్కనైట్ (గంధకంతో గట్టిపరిచిన రబ్బరు) కట్టుడుపళ్లలోని గంధకం వెండిపొడిని నల్లబరుస్తుంది. పాదరసం పక్కన బంగారు రేకు పెడితే ఆ బంగారం మీద ఆశ వదులుకోవచ్చు. ఈ మూడింటికీ వేర్వేరు చోట్లు దొరికితే సగం పని అయినట్టే.

పెట్టె తెరవకముందు

కిటికీలున్న గది చూసుకోండి. ఏసీ, ఫ్యాను ఆపేయండి. ఉంగరాలు, గాజులు, గొలుసులు తీసి వేరే గదిలో పెట్టండి. పాదరసం తగిలిన బంగారం తెల్లబడుతుంది, దాన్ని వెనక్కి తేవడం కంసాలికే ఓ పెద్ద పని. చేతికి నైట్రైల్ గ్లోవ్స్, పని బల్ల మీద అంచులున్న ప్లాస్టిక్ ట్రే ఉండాలి. అల్యూమినియం ట్రే, అల్యూమినియం ఫాయిల్ వాడొద్దు, పాదరసం అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఏ వస్తువునూ కదపకముందే, పెట్టెలో ఉన్నది ఉన్నట్టుగా స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి. ఏ పొడి సీసా ఏ ద్రవం సీసా పక్కన ఉందన్నది కూడా సమాచారమే. సిమెంట్లు జతలుగా వచ్చేవి, జత విడిపోతే ఏ పొడికి ఏ ద్రవమో తర్వాత ఎవరూ చెప్పలేరు.

మొదట వెతకాల్సింది పాదరసం

జనం భయపడేది పంటిలో గట్టిపడిన నల్ల ఫిల్లింగుని చూసి. నిజానికి మ్యూజియంలో దానితో పేచీ తక్కువ. ఆ ఫిల్లింగు పేరే అమాల్గం, గట్టిపడిన అమాల్గంలో పాదరసం వెండి, తగరాలతో కట్టుబడి ఉంటుంది. వేడి తగలనంతవరకు అది పెద్దగా కదలదు. పాలిష్ పెట్టేటప్పుడు 60 డిగ్రీలు దాటితే పైకి పాదరసం ఊరుతుందని దంతవైద్య విద్యార్థులందరికీ నేర్పుతారు. కాబట్టి మే నెలలో ఆ పళ్ల పెట్టెను ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, హాట్‌గన్ చూపించకండి. అంతే.

అసలు జాగ్రత్త కావాల్సింది విడి పాదరసంతో. అది సీసాలోనే ఉంటుందనుకోవద్దు. ఈ చోట్లన్నీ వెతకండి: గాజు కల్వం అడుగున, గరుకుగా ఉన్న లోపలి గోడల్లో, అదనపు పాదరసాన్ని పిండి తీయడానికి వాడిన తోలుముక్క లేదా మల్లుగుడ్డ మడతల్లో, అమాల్గం కలిపే పాత అమాల్గమేటర్ యంత్రం అడుగుపలక కింద, ముఖ్యంగా చెక్క సొరుగుల మూలల్లో, పలకలు కలిసే పగుళ్లలో. గదిలో లైట్లు ఆర్పి, టార్చిని సొరుగు నేలకి ఆనించినంత పక్కవాటుగా పట్టుకుని వెలుగు వేయండి. పైనుంచి వేస్తే ఏమీ కనపడదు. పక్కవాటు వెలుగులో ఆవగింజకన్నా చిన్న పూసలు కూడా మిలమిలా మెరుస్తాయి. దుమ్ము అంటుకుని బూడిదరంగుకి మారిన పూస ఉంటే పుల్లతో కదిపి చూడండి, చితికి రెండైతే అది పాదరసమే. పాత అమాల్గమేటర్‌ని ‘పనిచేస్తుందో లేదో చూద్దాం’ అని ప్లగ్ పెట్టకండి. లోపల చిందిన పాదరసాన్ని గదంతా చల్లినట్టవుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 20 డిగ్రీల దగ్గర గాలి ఘనపు మీటరుకి సుమారు 13 మిల్లీగ్రాముల పాదరసం ఆవిరిని పట్టుకోగలదు. 30 డిగ్రీలకి వచ్చేసరికి అది రెట్టింపు దాటుతుంది. పనిచేసే చోట్లకి అంతర్జాతీయంగా వాడే పరిమితుల్లో ఒకటి 0.025 మిల్లీగ్రాములు మాత్రమే. విశాఖలో ఏసీ లేని మూసిన గది సంవత్సరంలో చాలా నెలలు 30 డిగ్రీల పైనే ఉంటుంది. చలిదేశాల మ్యూజియంల కోసం రాసిన సూచనలు ఇక్కడ యథాతథంగా సరిపోకపోవడానికి ఇదొక కారణం.

పూసలు కనపడితే ఇలా చేయండి. గదిలో ఉన్నవాళ్లని పంపేసి కిటికీలు తెరవండి. రెండు దళసరి అట్టముక్కలతో పూసల్ని ఒకచోటికి నెట్టి, సూది లేని సిరంజితో పీల్చండి. మిగిలిన నలుసుల్ని జిగురు టేపుతో అద్ది తీయండి. వెడల్పు మూతి ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, పైన ఓ వేలెడు నీళ్లు పోసి, మూత బిగించి, ఆ సీసాని ఇంకో మూత డబ్బాలో పెట్టండి. సిరంజి, అట్ట, టేపు, గ్లోవ్స్ అన్నీ జిప్ సంచిలో వేసి దాంతోపాటే ఉంచండి. పగుళ్లలో దూరినదాని మీద గంధకం పొడి చల్లి రాత్రంతా వదిలి, మర్నాడు తడిగుడ్డతో తీయవచ్చు. కాకపోతే వెండి వస్తువులున్న గదిలో గంధకం వద్దు, సొరుగుని బయటికి తీసుకెళ్లి ఆ పని చేయండి. చీపురు వాడితే పూస వంద పూసలవుతుంది. వాక్యూమ్ క్లీనర్ వాడితే వేడిగాలితో ఆవిరై గదంతా పరుచుకుంటుంది. బ్లీచింగ్, ఫినాయిల్ వాడకండి. చిందింది 30 మిల్లీలీటర్లకి మించితే మీ చేతులతో దిగొద్దు, గది మూసి నిపుణుల్ని పిలవండి.

పాదరసం సీసా చిన్నదని ఒంటిచేత్తో ఎత్తకండి. దాని సాంద్రత 13.6. అంటే 100 మిల్లీలీటర్ల సీసా లోపలిదే కిలోంపావు దాటి బరువు. పాత సీసా అడుగు ఊడి జారిపోయేది ఇక్కడే.

మ్యూజియంకి కావాల్సింది సీసా, లేబుల్, బిరడా. లోపలి పాదరసం అర లీటరు దాచడం వల్ల చరిత్రకి ఒరిగేది లేదు. నమూనాగా కొద్దిగా మూసిన గాజు గొట్టంలో ఉంచుకుని, మిగతాది ప్రమాదకర వ్యర్థాలకి అనుమతి ఉన్న సంస్థకి రాతపూర్వకంగా అప్పగించండి. మనకి పరవాడ ఫార్మా సిటీలోనే అలాంటి శుద్ధి కేంద్రం ఉంది. ముందు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడిగితే దారి చెబుతారు. ఈలోగా విషయం పొక్కితే రసలింగం (పాదరసంతో చేసే శివలింగం) చేయించుకుంటామని ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. ఎంత భక్తిగా అడిగినా ఇవ్వకండి. సింకులో, సముద్రంలో పోయడం సంగతి చెప్పక్కర్లేదు. పాదరసాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందం 2013లో కుదిరి 2017లో అమల్లోకి వచ్చింది, 2018లో మన దేశమూ దాన్ని ధ్రువీకరించింది.

మూత తిప్పకూడని సీసాలు

పాదరసం తర్వాత ఇవి. తెల్లపాషాణం (ఆర్సెనిక్) కలిపిన ముద్ద చిన్న పింగాణీ లేదా గాజు డబ్బీల్లో ఉంటుంది. పంటి నరాన్ని చంపడానికి 1836లో స్పూనర్ అనే అమెరికన్ దంతవైద్యుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. డబ్బీ బఠాణీ గింజంత పదార్థంతో ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ పంటిలో పెట్టే మోతాదు గుండుసూది తలంతే. తెరవకుండా సంచిలో వేసి, తాళం వేసే బీరువాలో పెట్టి, విషం అని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి.

కోపల్ వార్నిష్ సీసాలు చాలామంది పట్టించుకోరు. కోపల్ అంటే ఒక రకం చెట్టు బంక; పంటిగుంటకి లోపల పూసే ఈ వార్నిష్‌ని ఈథర్‌లోనో క్లోరోఫామ్‌లోనో కరిగించేవారు. ఈథర్ ఏళ్ల తరబడి నిలవుంటే పెరాక్సైడ్లు తయారవుతాయి. అవి మూత మరల్లో స్ఫటికాలుగా పేరుకుంటే మూత తిప్పిన రాపిడికే పేలొచ్చు. మూత చుట్టూ తెల్లటి పొక్కు కనపడితే సీసా కదపకండి. గది మూసేసి అగ్నిమాపక శాఖకి చెప్పండి.

లేబుల్ మీద కొకెయిన్ అని ఉంటే, ఖాళీ సీసా అయితే దాచుకోండి. లోపల పదార్థం ఉంటే అది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. దాన్ని మ్యూజియం వస్తువుగా కాకుండా అధికారులకి చెప్పాల్సిన వస్తువుగా చూడండి. పోతపనికి వాడిన మెత్తటి తెల్ల పట్టీల చుట్ట రాతినార (ఆస్‌బెస్టాస్) కావచ్చు. విప్పకుండా రెండు సంచుల్లో వేసి మూసేయండి.

ఏది ఏమిటో పోల్చుకోవడం

పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, చిన్న టార్చి, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, ఉంటే దంతవైద్యుల ఎక్స్‌రే యంత్రం. ఇవి చాలు. కళాశాలలో ఎక్స్‌రే చేతిదగ్గరే ఉంటుంది కాబట్టి దాన్ని మొదట వాడుకోండి. బంగారం, అమాల్గం రెండూ తెల్లటి ముద్దగా పడతాయి. జింక్ ఫాస్ఫేట్ సిమెంటు, జింక్ ఆక్సైడ్ కలిసిన గటాపర్చా (చెట్టు పాలతో చేసే రబ్బరులాంటి పదార్థం) కూడా తెల్లగానే వస్తాయి. సిలికేట్ సిమెంటు, పాత యాక్రిలిక్ ప్లాస్టిక్ మాత్రం నల్లటి గుంటలా కనపడతాయి. వెనకటి రోజుల్లో వీటిని చూసి పుచ్చు అని పొరబడేవారు. ఎక్స్‌రేలో పుచ్చులా కనిపించి, కంటికి మూసి ఉన్నట్టు కనిపిస్తే, అది సిలికేటో యాక్రిలికో అని చాలావరకు ఖాయం చేసుకోవచ్చు.

*అమాల్గం.* ముదురు బూడిదరంగు, అంచుల వెంట సన్నటి కాలువ. ఆ కాలువే దాని వయసుకి గుర్తు. పాత మిశ్రమంలో తగరం పాదరసంతో కలిసి ఏర్పడే బలహీనమైన పొర ముందుగా తినేయబడి, అంచు విరిగి అలా కాలువ పడుతుంది. 1826లో పారిస్‌లో తావో వెండి ముద్దని వాడాడు. 1833లో క్రాకూర్ సోదరులు దాన్ని అమెరికాకి తీసుకెళ్లి అమ్ముకున్నారు. ‘అమాల్గం వాడను’ అని అక్కడి దంతవైద్యుల సంఘం 1845లో సభ్యుల చేత సంతకాలు పెట్టించింది. ఆ గొడవలోనే బలహీనపడి 1856లో సంఘమే మూతపడింది, అమాల్గం మాత్రం నిలిచింది. 1890ల్లో అమెరికన్ దంతవైద్యుడు జి.వి. బ్లాక్ పాళ్లు కుదిర్చాక ఫిల్లింగ్ కుంచించుకుపోవడం, ఉబ్బడం తగ్గాయి. అప్పటి నుంచి దశాబ్దాల పాటు మిశ్రమలోహం పొడిలో వెండి 65 శాతానికి తగ్గకుండా, తగరం 29కి, రాగి 6కి, జింకు 2కి మించకుండా ఉండేది. 1963లో రాగి పాలు పెంచిన మిశ్రమం వచ్చాకే ఆ బలహీన పొర పోయింది. సీసా మీద రాగి శాతం రాసి ఉండి అది 6కి బాగా మించితే, ఆ సీసా 1960ల తర్వాతిదే.

*రాగి అమాల్గం.* దీన్ని మామూలు అమాల్గంతో కలిపేయడం అందరూ చేసే పొరపాటే. పంటిలో ఇది కాటుకలా నల్లగా, నున్నగా ఉంటుంది. అమ్మిన రూపమే వేరు: పొడి కాదు, చిన్న చిన్న బిళ్లలు. వాటిని ఇనుప గరిటెలో స్పిరిట్ దీపం మీద వేడిచేస్తే పైకి పాదరసం బొట్లు ఊరేవి, అప్పుడు కల్వంలో నూరి పంటిలో కూరేవారు. రాగి సూక్ష్మజీవుల్ని చంపుతుందన్న నమ్మకంతో పిల్లల పాలపళ్లకి ఎక్కువ వాడారు. దీపం మీద అలా కాచిన గదిలో డాక్టరూ పిల్లలూ పీల్చింది ఏమిటో తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఆ గరిటె దొరికితే బిళ్లలతోపాటే పెట్టండి, రెండూ కలిస్తేనే ఆ పద్ధతి అర్థమవుతుంది. రెండిటినీ పాదరసం వర్గంలోనే లెక్కవేయండి.

*బంగారు రేకు.* పంటిలో ఉంటే భూతద్దం కింద మెత్తటి పసుపు, పైన సన్నటి గుంటలు, మడతల జాడలు కనిపిస్తాయి. పోతపోసిన బంగారు ఇన్‌లే అయితే ఒకే ముక్కగా నున్నగా ఉండి, చుట్టూ సిమెంటు గీత కనిపిస్తుంది. రేకుల్ని ముందుగా వేడిచేసి తీస్తే, తర్వాత చల్లగా ఉన్నా నొక్కితే ఒకదానికొకటి అతుక్కుంటాయని 1855లో రాబర్ట్ ఆర్థర్ చూపించాడు. ఆ అతుకు తడి తగిలితే పనికిరాదు. 1864లో బార్నమ్ రబ్బరు తెర కట్టి పంటిని పొడిగా ఉంచడంతో అది పూర్తిగా వాడుకలోకి వచ్చింది.

పుస్తకంగా కుట్టిన రేకులు దొరికితే అదృష్టమే. 4వ నంబరు రేకు అంటే నాలుగంగుళాల చదరం, బరువు 4 గ్రెయిన్లు, అంటే 0.26 గ్రాము. మందం లెక్కవేస్తే సుమారు 1.3 మైక్రాన్లు వస్తుంది. ట్రాయ్ ఔన్సులో పదో వంతు పుస్తకంలో ఇవి 12 ఉండాలి. ఫ్యాను కింద విప్పితే ఎగిరి ముద్దవుతుంది, మళ్లీ విప్పడం ఎవరివల్లా కాదు. పట్టకారు వాడకండి, కింద బటర్ పేపరు దూర్చి కాగితంతోపాటే ఎత్తండి. లెక్కపెట్టడానికి విప్పనక్కర్లేదు, 0.01 గ్రాము చూపే త్రాసులో పుస్తకాన్ని తూచి, అట్ట బరువు తీసేస్తే చాలు. స్వచ్ఛత తెలియాలంటే గీటురాయి, ఆమ్లం వద్దు. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉండే, ఎక్స్‌రేలతో లోహాన్ని పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం వస్తువుని గీయకుండానే చెబుతుంది. అక్కడికి పాదరసం తగిలిన వస్తువు మాత్రం తీసుకెళ్లకండి.

*జింక్ ఫాస్ఫేట్ సిమెంటు.* సుద్దలా, వెలుగు చొరబడని పసుపు-బూడిదరంగు. 1870ల చివరినుంచి వాడుకలో ఉంది. పొడి సీసాతో ఇబ్బంది లేదు, తొమ్మిది పాళ్లు జింక్ ఆక్సైడ్, ఒక పాలు మెగ్నీషియా. ఇబ్బందంతా ద్రవంతోనే, అది ఫాస్ఫారిక్ ఆమ్లం. బిరడా పక్కనుంచి కారి లేబుల్‌ని తింటుంది, లోహపు మూతని చిలుము పట్టిస్తుంది. గాజు బిరడా బిగుసుకుంటే తిప్పొద్దు, మెడ విరుగుతుంది. సీసాని నిలబెట్టి పాలిథిన్ గిన్నెలో ఉంచి, గిన్నెలో కొద్దిగా తినేసోడా పొడి పోయండి, కారినా అక్కడే ఆగుతుంది.

*సిలికేట్ సిమెంటు.* ముందుపళ్లలో ఉంటుంది. గాజులా కాస్త పారదర్శకంగా ఉండి, చుట్టూ గోధుమరంగు గీత పడి, పైన జాలీ పగుళ్లు ఉంటే ఇదే. 1900ల మొదటి దశకం నుంచి 1950లు, 60ల దాకా పంటిరంగు ఫిల్లింగ్ అంటే ఇదే. ఫ్లోరిన్ ఉన్న గాజుపొడి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి చేసేవారు. ఫిల్లింగ్ అరిగిపోయినా పక్కన పంటికి పుచ్చు తక్కువగా రావడం గమనించారు, కారణం ఆ ఫ్లోరైడే. 1969 తర్వాత విల్సన్, కెంట్ తయారుచేసిన గ్లాస్ అయనోమర్ ఈ గాజుపొడి సంప్రదాయంలోంచే పుట్టింది. నోటితో ఊపిరి పీల్చేవాళ్లకి సిలికేట్ ఎండి త్వరగా పగిలేది. మీ పెట్టెలో కూడా అదే జరుగుతుంది. బాగా పొడి గాలిలో పెడితే నెలల్లో పొట్టు రాలుతుంది.

*గటాపర్చా.* గులాబీ లేదా మాసిన తెలుపు. 1840ల చివర్లో హిల్ అనే దంతవైద్యుడు దీన్ని సున్నం, రాతిపొడితో కలిపి తాత్కాలిక ఫిల్లింగుగా చేశాడు. పుల్లల రూపంలో ఉన్నవి వేరు నింపడానికి. వెలుతురు, గాలి తగిలితే పెళుసై ముట్టుకుంటే విరుగుతాయి. వంచి చూడాలన్న సరదా వద్దు. చీకటి, చల్లదనం తప్ప వీటికి వేరే వైద్యం లేదు.

*జింక్ ఆక్సైడ్-యూజినాల్.* వాసనే చెబుతుంది, లవంగ నూనె. ద్రవం చిక్కటి గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. పాలీస్టైరిన్ డబ్బాలో పెడితే డబ్బాని కరిగిస్తుంది, గాజులోనే ఉంచండి.

*యాక్రిలిక్, కాంపోజిట్.* యాక్రిలిక్ పసుపెక్కి అంచు తెరుచుకుని ఉంటుంది. దాని ద్రవం గోధుమరంగు సీసాలో వస్తుంది, గది వేడికే అంటుకునే ఆవిరినిస్తుంది. చాలా సీసాల్లో అది గట్టిపడి గాజుముద్దలా ఉంటుంది, అలాంటిది నిరపాయం. 1955లో బ్యూనోకోర్ ఎనామెల్‌ని ఆమ్లంతో గరుకుచేయడం, 1962లో బోవెన్ రెజిన్ పేటెంటు వచ్చాక కాంపోజిట్ (పంటిరంగు రెజిన్ ఫిల్లింగ్) మొదలైంది. అతినీలలోహిత టార్చి వేస్తే పన్ను నీలితెలుపుగా వెలుగుతుంది, ఫిల్లింగ్ దానికన్నా చీకటిగానో వేరే ఛాయలోనో తేలిపోతుంది. మామూలు వెలుతురులో కనపడని కాంపోజిట్ హద్దుని దీంతో గీసుకోవచ్చు.

ఈ ద్రవాలతోపాటు పారదర్శకమైన సన్నటి పట్టీలు వస్తాయి. సిలికేట్, యాక్రిలిక్‌ని పళ్ల మధ్య బిగించడానికి వాడిన సెల్యులాయిడ్ అది. కర్పూరం వాసన ఉంటే ఖాయం. పసుపెక్కి జిగటగా, పుల్లటి ఘాటుతో ఉంటే చెడిపోవడం మొదలైంది. అది నైట్రిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, తేలిగ్గా అంటుకుంటుంది కూడా. పాదరసాన్ని గాలి చొరబడకుండా మూస్తాం, సెల్యులాయిడ్‌ని మాత్రం అలా మూయకూడదు. గాలాడే కాగితపు కవరులో, చల్లటి చోట, మిగతా అన్నిటికీ దూరంగా పెట్టాలి.

లేబుల్ చెప్పే తేదీలు

లేబుల్‌ని తడిగుడ్డతో తుడవకండి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది, నయా పైసల్లో ఉంటే ఆ తర్వాతది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతదే. ‘పశ్చిమ జర్మనీ తయారీ’ అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. ఊరి పేరు ‘వైజాగపటామ్’ స్పెల్లింగులో, కింద మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంటే బ్రిటిష్ కాలపు సరుకు. నల్లటి బేకలైట్ మూత 1909కి ముందు ఉండే వీలు లేదు. అయితే మూత మార్చి ఉండొచ్చు, కాబట్టి ఒక్క ఆధారంతో తేదీ వేయకండి, కనీసం రెండు కుదిరాకే రాయండి. ఎస్.ఎస్. వైట్, క్లాడియస్ ఆష్ లాంటి పేర్లు ఒక శతాబ్దం పైగా నడిచాయి. పేరొక్కటే చూసి కాలం చెప్పలేం.

ఇచ్చినవాళ్లని అడిగి ఏ వీధి క్లినిక్, ఏ ఏళ్లలో నడిచింది, సరుకు ఎక్కడినుంచి తెప్పించేవారు అన్నది అప్పుడే రాసుకోండి. రోగుల పేర్లున్న చీటీలుంటే పేర్లు మూసి స్కాన్ చేయండి.

నంబరు వేయడం

సంవత్సరం, విడత, వస్తువు: 2025.3.14 అన్నట్టు. జత సీసాలకి 14అ, 14ఆ. గాజు, లోహం మీదైతే పారలాయిడ్ బీ-72 (మ్యూజియంలలో వాడే పారదర్శక రెజిన్) రెండు గ్రాములు 10 మిల్లీలీటర్ల అసిటోన్‌లో కరిగించి, కనపడని చోట గోరంత పూత పూసి, ఆరాక పిగ్మెంట్ ఇంకు పెన్నుతో రాసి, పైన ఇంకో పూత వేయాలి. తేమగాలిలో అసిటోన్ ఆవిరవుతూ పూతని చల్లబరిచి, పైన నీరు పట్టి తెల్లగా పొగబారుతుంది. విశాఖలో వర్షాకాలం మధ్యాహ్నాలు ఈ పని పెట్టుకుంటే చేసిందంతా చెరిపి మళ్లీ చేయాలి. ఏసీ గదిలో తేమ 60 శాతం కిందికి దిగాక చేయండి. సెల్యులాయిడ్, యాక్రిలిక్, గటాపర్చా మీద అసిటోన్ వేయకూడదు. వాటికి నూలుదారంతో కట్టిన చీటీ, లేదా గాజు గొట్టంలో చీటీ.

పీకిన పళ్లు

ఈమధ్య తీసిన తడి పళ్లయితే 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచి కడిగి ఆరబెట్టాలి. అమాల్గం ఉన్న పంటిని ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో) వేయకండి, పాదరసం ఆవిరి గదిలోకి వస్తుంది. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి వదిలేయడమూ తప్పే. అది మెల్లగా ఆమ్లంగా మారి పంటిని కరిగిస్తుంది. దశాబ్దాలుగా ఎండి ఉన్న పళ్లని మాత్రం తడపొద్దు, పాత సిమెంటు ఊడుతుంది. గ్లోవ్స్ వేసుకుని, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

నల్లబడిన అమాల్గాన్నో వెండిపొడి డబ్బానో చింతపండుతో, విభూదితో తోమి మెరిపించే పని పెట్టుకోకండి. ఆ నలుపులోనే ఎలా తినేయబడిందన్న సమాచారం ఉంది.

నిల్వ

లోహాలకి తేమ 40 శాతం లోపు మంచిది. పళ్లకి అది పనికిరాదు, డెంటిన్ (ఎనామెల్ కింది పంటి పొర) పగిలి ఫిల్లింగ్ బయటికొస్తుంది. సిలికేట్‌కీ పొడి గాలి పడదు. అందుకే లోహపు పొడులు, పరికరాలు ఒక పెట్టెలో; పళ్లు, సిలికేట్ నమూనాలు 45–55 శాతం ఉండే ఇంకో పెట్టెలో. బీచ్‌కి దగ్గరి భవనాల్లో ఉప్పు కూడా తోడవుతుంది. ఉప్పు పొర తేమని పట్టుకుని, తక్కువ తేమలోనూ తుప్పుని నడిపిస్తుంది.

ఏసీ మీద భరోసా పెట్టుకోకండి. ఆఫీసు వేళల్లో ఏసీ వేసి సాయంత్రం కట్టేస్తే చల్లబడిన లోహం మీద రాత్రి బయటి తేమగాలి నీరుగా పడుతుంది. అసలు ఏసీ లేని గది దీనికన్నా మెరుగు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు నిలబడేది కరెంటుతో పనిలేని ఏర్పాటే: రబ్బరు అంచుతో బిగిసే పాలీప్రొపిలీన్ డబ్బా, లోపల సిలికా జెల్.

జెల్ లెక్క ఘనపు మీటరుకి 20 కిలోలు. 20 లీటర్ల డబ్బాకి 400 గ్రాములు. నారింజరంగు సూచిక ఉన్నది కొనండి, నీలిరంగుదానిలో కోబాల్టు ఉంటుంది. రంగు మారితే 110–120 డిగ్రీల్లో రెండు మూడు గంటలు ఆరబెట్టి, చల్లారాక వాడండి. పళ్ల డబ్బాకి ఆరబెట్టిన జెల్ వేయకూడదు. తేమ 50 శాతం చూపుతున్న గదిలో వెడల్పాటి పళ్లెంలో పరిచి, రోజూ కలుపుతూ రెండు వారాలు ఉంచాక వేయండి.

చవక హైగ్రోమీటర్లు పది పదిహేను శాతం అబద్ధం చెబుతాయి. సీసామూతలో ఉప్పు వేసి తడిసేంత నీళ్లు చిలకరించి, హైగ్రోమీటరుతోపాటు జిప్ సంచిలో మూసి ఎనిమిది గంటలు ఉంచండి. 75 చూపాలి. 68 చూపితే ఆ యంత్రం మీద ‘+7’ అని రాసి అతికించండి.

డబ్బాలో ఏం పెట్టకూడదో కూడా చూసుకోవాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్, పీవీసీ సంచులు, రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక, నాఫ్తలిన్ ఉండలు వద్దు. తెల్ల జిగురు వదిలే అసిటిక్ ఆవిరి తగిలితే సీసం లోహం తెల్లగా పొడి రాలుతుంది. ఈపీఈ ఫోమ్ (పాలిథిన్ నురుగు), గంజి పోయేలా ఉడికించి ఉతికిన నూలుగుడ్డ, ఆమ్లరహిత కాగితం వాడుకోవచ్చు. కొత్త పదార్థం మీద అనుమానముంటే దాన్ని 2 గ్రాములు, అర మిల్లీలీటరు నీళ్లు, శుభ్రంగా రుద్దిన వెండి, రాగి, సీసం ముక్కలతో గాజు సీసాలో మూసి 60 డిగ్రీల్లో 28 రోజులు ఉంచండి. ముక్కలు మసకబారితే ఆ పదార్థం పనికిరాదు. వల్కనైట్‌కి విడిగా చీకటి డబ్బా ఇవ్వండి.

పాదరసం వర్గమంతా నేలకి దగ్గరి అరలో, అంచులున్న ట్రేలో, రెండు డబ్బాల్లో. నీరు చేరే గది అయితే ఆ అర నేలకి ఒక అడుగు ఎత్తున ఉండాలి. ఆమ్లాలు వేరే బీరువాలో. అక్టోబరు, నవంబరు తుపానులకి ముందు కిటికీ పక్క డబ్బాలని లోపలి గోడకి మార్చడం క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

చూపించేటప్పుడు

గటాపర్చా, లేబుళ్లు, వల్కనైట్‌కి వెలుతురు 50 లక్స్ దాటకూడదు. ఎండ పడే కిటికీ ఉంటే అటువైపు గాజు కేసు పెట్టకండి. పాదరసం తీసేసిన సీసా కూడా ఏళ్లపాటు ఆవిరి వదులుతుంది, దాన్ని మూసిన యాక్రిలిక్ పెట్టెలోనే చూపండి. కథ మరీ వెనక్కి తీసుకెళ్లాలంటే రెండు ఫొటోలు చాలు: ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ల కిందటి తొలిచిన పళ్లు, స్లొవేనియాలోని లోంచె దగ్గర దొరికిన 6,500 ఏళ్ల నాటి దవడలో పంటి పగులుకి పూసిన తేనెమైనం. మెహర్‌గఢ్ పళ్లలో నింపిన పదార్థమేదీ మిగల్లేదు, కాబట్టి దాని కింద ‘తొలి ఫిల్లింగ్’ అని రాయకండి.